కరెంటు లేని ఇంట్లో అల్లం బీరు

మొన్న మే నెలలో మా చెల్లెలి కూతురు నన్ను గవర్నర్‌పేటలో కొత్తగా తెరిచిన ఒక కాఫీ దుకాణానికి తీసుకెళ్ళింది. కాఫీ దుకాణమని పేరే గాని అక్కడ కాఫీ తాగుతున్నవాళ్ళు నాకెవరూ కనపడలేదు. గోడకి పెద్ద నల్లపలక, దాని మీద సుద్దతో రాసిన రకరకాల పేర్లు. ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని చదువుతూ ఉంటే ఒక చోట ‘చేత్తో చేసిన జింజర్ బీర్’ అని కనపడింది. అదే తెమ్మన్నాను. తెచ్చిన కుర్రాడు నా నెరిసిన జుట్టు చూసి, “పేరే బీరండీ మేడమ్, భయపడకండి” అన్నాడు. ఒక గుక్క తాగాను. అల్లం ఉంది, తీపి ఉంది, నురగ ఉంది, బాగానే ఉంది. ఎలా చేస్తారని అడిగితే అతను సంబరంగా వెనక గదిలో ఉన్న స్టీలు పీపాల గురించీ, వాటిని చల్లగా ఉంచే మెషీను గురించీ చెప్పి, “టెంపరేచర్ కాస్త అటూ ఇటూ అయితే మొత్తం పారబొయ్యాల్సిందేనండీ. మన విజయవాడ ఎండల్లో మెషీను లేకుండా అయ్యే పని కాదు” అన్నాడు. మా చెల్లెలి కూతురు నా వైపు చూసి నవ్వాపుకుంటోంది. నేను “బాగుంది బాబూ” అని ఊరుకున్నాను. అంత ముచ్చటగా చెబుతున్నవాడి మాటకి అడ్డం రావడం దేనికి? కానీ ఇంటికి వచ్చేదాకా ఆటోలో నాకు ఒకటే గర్వం. ఎందుకంటే స్విచ్చి వేస్తే వెలిగే బల్బు ఒక్కటి కూడా లేని ఇంట్లో, మే నెల నడిమధ్యలో, ఇదే అల్లం బీరుని మా మేనత్త ఏటా చేసేది. ఇంతకంటే బాగా చేసేది.

ఆమె మా నాన్నకి పెద్దక్క. పెళ్ళి చేసుకోలేదు. ఒక మిషను ఆస్పత్రిలో నర్సుగా చేరి, అక్కడే రిటైరైంది. మా ఇంట్లో పిల్లలందరికీ ఆమె అత్తయ్య, ఊళ్ళో అందరికీ సిస్టరమ్మ. రిటైరయ్యాక ఉయ్యూరు నుంచి పామర్రు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాలవ గట్టు వెంట చాలా దూరం లోపలికి నడిస్తే వచ్చే తన వాటా పొలంలో, రెండు గదుల పెంకుటిల్లు కట్టుకుంది. ముందు కరెంటు ఉండేది. ఒక ఏడాది వచ్చిన పెద్ద గాలివానకి ఆ గట్టు మీది స్తంభాలన్నీ పడుకున్నాయి. ఊళ్ళోకి లైను నెల తిరక్కుండా వచ్చింది గాని, చివర ఉన్న ఒక్క ఇంటి కోసం అన్ని స్తంభాలు పాతడానికి ఎవరికీ తీరిక చిక్కలేదు. నేను విజయవాడ నుంచి వెళ్ళినప్పుడల్లా, ఆఫీసుకి వెళ్ళి గట్టిగా అడగమని పోరేదాన్ని. “ఎందుకే? ఆ ఫ్రిజ్జు గురగుర పోయాక నాకు నిద్ర సుఖంగా పడతంది” అనేది. రెండేళ్ళ తర్వాత లైనువాళ్ళే వచ్చి స్తంభాలు వేస్తామంటే, వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపించేసిందట. అప్పటికి ఆ ఫ్రిజ్జులో కందిపప్పు, ఉతికిన దుప్పట్లు, పెద్దక్షరాల బైబిలు సర్దుకుని ఉన్నాయి. ఎలకలు దూరని బీరువా ఊళ్ళో తనకొక్కదానికే ఉందని చెప్పుకునేది. రెండు కిరసనాయిలు లాంతర్లు, మా తమ్ముడు కొనిచ్చిన ఒక సోలారు దీపం, వీటితోనే గడిపింది. సెల్‌ఫోను మాత్రం ఆదివారం గుడికి వెళ్ళినప్పుడు అక్కడ చార్జింగు పెట్టుకుని, వారమంతా పొదుపుగా వాడేది. మేం ఫోను చేస్తే, “బాగున్నాను, ఉంటాను” అని రెండు ముక్కల్లో పెట్టేసేది.

అల్లం బీరు ఆమెకి ఆస్పత్రి రోజుల్లో అబ్బింది. అక్కడ చలిదేశం నుంచి వచ్చిన ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేదట. ఒక ఎండాకాలం ఆవిడకి చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో తాగిన అల్లం బీరు మీద మనసు పోయి, పాత నోటుపుస్తకం ఒకటి తీసి మా అత్తయ్య చేతిలో పెట్టింది. అందులో, నింపిన సీసాలని పొయ్యి పక్కన వెచ్చటి చోట ఉంచాలని రాసి ఉందట. డాక్టరు రాసింది రాసినట్టు చెయ్యడం నర్సుగా అలవాటైన మా అత్తయ్య, మే నెల ఎండల్లో, సీసాలని తీసుకెళ్ళి నిజంగానే పొయ్యి పక్కన పెట్టింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం అవి వరసగా పేలాయి. ఆస్పత్రి వాచ్‌మన్ ఎవరో తుపాకులతో వచ్చారనుకుని గేటుకి తాళం వేసేశాడట. డాక్టరమ్మ నవ్వి నవ్వి, ఇది మీ దేశానికి పనికొచ్చేది కాదమ్మా అని పుస్తకం మూసేసింది. ఆ మాట మా అత్తయ్యకి గుచ్చుకుంది. మన అల్లం, మన బెల్లం, మన నిమ్మకాయలు పెట్టి చేసేది మన ఎండకి పనికిరాకపోవడమేమిటని పట్టుపట్టింది. ఎన్నో ఎండాకాలాలు పాడుచేసుకుని, చివరికి ఒక పద్ధతి కనిపెట్టింది. డాక్టరమ్మ అప్పటికి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆవిడ తాగలేదన్న లోటు మా అత్తయ్యకి ఎప్పుడూ ఉండేది.

ఆ పద్ధతి నేను కళ్ళతో చూసి నేర్చుకున్నదే కాబట్టి చెబుతాను. ముందు అల్లాన్ని తొక్కతోనే దంచి, గాజు సీసాలో కాస్త పంచదార, కాస్త నీళ్ళు కలిపి, పైన గుడ్డ కట్టాలి. రోజూ పొద్దున్నే కొంచెం అల్లం, కొంచెం పంచదార వెయ్యాలి. నాలుగైదు రోజులకి అది బుడగలు బుడగలుగా పొంగుతుంది. మా అత్తయ్య దాన్ని ‘బిడ్డ’ అనేది. బిడ్డకి పాలు పట్టావా అని నన్నడిగితే, అల్లం వేశావా అని అర్థం. బెల్లం నీళ్ళలో దంచిన అల్లం వేసి మరగకాచి, వడకట్టి, బాగా చల్లారాక నిమ్మరసం పిండి ఈ బిడ్డని అందులో కలపాలి. అక్కడి నుంచి మూడు రోజులు జాడీలో, ఆ తర్వాత రెండు మూడు రోజులు సీసాల్లో. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. మా అత్తయ్య విద్య అంతా ఆ మూడు రోజులు జాడీని చల్లగా ఉంచడంలో ఉంది. ఆవకాయ జాడీ లాంటి పెద్ద జాడీని ఇంకా పెద్ద మట్టి బానలో దింపి, మధ్యలో ఇసక కూరి, ఇసకని తడిపి, పైన తడి గోనె కప్పి, కాలవ గాలి తగిలే ఉత్తరపు వరండాలో పెట్టేది. పూటకి నాలుగుసార్లు గోనె తడపాలి. వడగాలి కొడుతుంటే అందరూ తలుపులేసుకుంటారు. ఆమె మాత్రం సంతోషించేది. ఎంత పొడిగాలి కొడితే తడి గోనె అంత చల్లబడుతుంది. ఆమెకి కిట్టనిదల్లా ఉక్కపోత. ఉక్కపోతలో గోనె ఆరదు, ఆరకపోతే చల్లబడదు.

ఇక చల్లదనం కొలవడానికి ఆమె దగ్గర ఉన్నది జ్వరం చూసే పాత థర్మామీటరు ఒక్కటే. నేను విజయవాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా చేసేదాన్ని. అది చూసి, జ్వరం థర్మామీటరు తొంభై అయిదు డిగ్రీల పైనే గాని కింద చూపించదు అత్తయ్యా, దీనితో ఏం కొలుస్తావని నవ్వాను. ఆమె దాన్ని విదిలించి, జాడీ పక్కన ఇసకలో గుచ్చి, కాసేపు ఆగి తీసి, వెలుతురుకి పట్టుకుని చూసింది. పాదరసం కదల్లేదు. “అదేనే నాక్కావలసింది. కదల్లేదంటే బిడ్డకి జ్వరం లేదు. జ్వరం లేని బిడ్డకి ఎన్ని డిగ్రీలుంటే మనకెందుకు?” అంది. ల్యాబులో అన్నేళ్ళు పనిచేసి నేను ఇంత తెలివైన మాట ఎవరి నోటా వినలేదు.

మా సంఘానికి ఏటా మే నెలలో గుడి పండుగ జరుగుతుంది. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో పందిరి కింద అందరికీ భోజనాలు. అక్కడ భోజనం తర్వాత తలొక గ్లాసు అల్లం బీరు ఇవ్వడం మా అత్తయ్య పెట్టిన ఆనవాయితీ. అదేమిటని చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు, సిస్టరమ్మ నీళ్ళు అనేవాళ్ళు. కానీ ఒక ఏడాది కొత్తగా వచ్చిన పాస్టరు గారు రెండు గ్లాసులు తాగి, చాలా బాగుందమ్మా, దీన్నేమంటారని అడిగారు. అబద్ధం అలవాటు లేని మా అత్తయ్య, అల్లం బీరండి అయ్యగారూ అని చెప్పింది. మూడో గ్లాసు కోసం చాపిన చెయ్యి ఆయన మెల్లగా వెనక్కి తీసుకున్నారట. ఆ మాట పందిరి దాటి ఊరంతా తిరిగింది. మరుసటి ఏడాది పండుగకి ముందు, ఏప్రిల్ చివరి ఆదివారం, ఆరాధన అయ్యాక పెద్దల కమిటీ కూర్చుని మా అత్తయ్యని పిలిచింది. ఆ వేళ నేను అక్కడే ఉన్నాను.

పాస్టరు గారు వయసులో చిన్నవారు, ఏం మాట్లాడాలో తెలియక పాటల పుస్తకం తిరగేస్తున్నారు. సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు. చెరకు రైతు, పొడుగ్గా సన్నగా ఉండే మనిషి, తెల్ల పంచె, తెల్ల చొక్కా. “సిస్టరమ్మా, మీరంటే మాకు గౌరవమే. కానీ గుడి ఆవరణలో బీరు అన్న మాట వినపడకూడదు. అంతే” అన్నాడు. గొంతు పెంచలేదు. అయినా గుడిలో ఒక్కరూ కదల్లేదు. ఎందుకంటే ఆయన పెద్దకొడుకు తాగి తాగి పోయాడని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ అబ్బాయి ఆఖరి రోజుల్లో ఇంటికి వెళ్ళి సెలైను పెట్టి, మంచం పక్కన కూర్చున్నది మా అత్తయ్యే. వేరేవాళ్ళు అని ఉంటే ఆమె ఏం సమాధానం చెప్పేదో గాని, ఆయనతో మాత్రం వాదనకి దిగలేదు. “అన్నా, నేను చేసేదేంటో మీరు చూళ్ళేదు. నేను చెప్తే నమ్మక్కర్లేదు. వచ్చి చూడండి. అల్లం దంచిన రోజు నించి సీసా మూత తీసేదాకా రోజూ చూడండి. అప్పటికీ వద్దనిపిస్తే మొత్తం కాలవలో పోసేస్తాను. స్త్రీల సమాజం పని కూడా ఇంకోళ్ళకి అప్పజెప్పి వెనక బల్ల మీద కూర్చుంటాను” అంది. స్త్రీల సమాజం ఆమె రిటైరైన నాటి నుంచి కట్టి నిలబెట్టింది. దాన్ని ఒక జాడీతో పాటు పందెంలో పెట్టేసిందేమిటా అనుకున్నాను.

ఆయన వచ్చాడు. పండుగ ఇంకా పదకొండు రోజులుందనగా పొద్దున్నే సైకిలు చప్పుడయింది. కాలేజీకి సెలవులు కావడంతో నేను అత్తయ్య దగ్గరే ఉన్నాను. ఆయన వరండాలో స్టూలు మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా ఉన్న మాస్టారిలా చూశాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. అంతకు మించి ఏమీ పుచ్చుకోలేదు. మొదటి నాలుగు రోజులు చూడ్డానికి పెద్దగా ఏముంటుంది? అత్తయ్య సీసాలో కాస్త అల్లం, కాస్త పంచదార వేస్తుంది. ఆయన చూస్తాడు. “ఇంతేనా?” “ఇంతే.” సైకిలెక్కి వెళ్ళిపోతాడు. అయిదో రోజు బెల్లం కాచడానికి దిమ్మ చిదుపుతుంటే మాత్రం ఆయన ఉండబట్టలేకపోయాడు. లేచి వచ్చి చిన్న ముక్క నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, “ఇది మందేసిన బెల్లం సిస్టరమ్మా. రంగు కోసం ఏసేస్తారు. దీంతో చేసినది ఎవరు తాగినా కడుపులో మండిద్ది. ఆగండి” అని సైకిలు తీశాడు. గంటలో తన ఇంటి బెల్లం గుడ్డలో మూటకట్టి తెచ్చాడు. ఆపడానికి వచ్చిన పనికి ఆయనే సరుకు తెచ్చిపెట్టాడన్న సంగతి అత్తయ్య, నేను గమనించాం గాని పైకి అనలేదు. అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

బిడ్డని కలిపి జాడీని బానలో దింపాక రెండు రోజులు వడగాలి బాగా కొట్టింది. గోనె తడపడం, థర్మామీటరు విదిలించి గుచ్చడం, పాదరసం కదల్లేదని చూసుకోవడం. రెండో రోజుకి గోనె మీద నీళ్ళు ఆయనే చల్లుతున్నాడు. ఊరికే కూర్చోలేనని అన్నాడు. మూడో రోజు పొద్దున ఏడింటికే ఆకాశం మబ్బేసింది. వాన పడలేదు, గాలి ఆగిపోయింది. కొబ్బరాకు కూడా కదలని ఉక్క. పదకొండు గంటలకి అత్తయ్య ఇసకలోంచి థర్మామీటరు తీసి వెలుతురుకి పట్టుకుంది. తొంభై ఏడు. మళ్ళీ విదిలించి గుచ్చింది, మళ్ళీ తొంభై ఏడే. గుడ్డ మీద చెవి పెడితే జాడీ లోపల చిటపటలాడుతోంది. ఆమె మొహంలో అంత బెంగ నేనెప్పుడూ చూడలేదు. గోనె మీద బిందెలు బిందెలు కుమ్మరించాం. గాలే లేనిది నీళ్ళేం చేస్తాయి? సాయంత్రానికి మొత్తం పులిసి పులుపెక్కిపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. మళ్ళీ మొదలెట్టడానికి పండుగ దాకా రోజులు చాలవు. నాకు ఒక్క క్షణం అనిపించింది, ఆయనకిక ఏ పనీ లేదు, ఊరికే కూర్చుంటే చాలు, ఆయన అనుకున్నది అయిపోతుందని.

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి నూతిలోకి తొంగి చూశాడు. “నుయ్యి ఎంత చల్లగా ఉందో చూడండి. దీన్ని పెట్టుకుని బాన చుట్టూ తిరుగుతారేంటండీ? కొబ్బరితాడుందా?” అన్నాడు. తాడు ఇచ్చాం. అరుగు మీద చతికిలబడి, కాలి బొటనవేలికి ఒక కొస తగిలించి, చూస్తుండగానే జాడీకి సరిపడా ఉట్టి అల్లేశాడు. చెరకు మోపులు కట్టిన చేతులవి. జాడీ మూతికి గుడ్డ మీద పళ్ళెం, దాని మీద మళ్ళీ గుడ్డ బిగించి కట్టి, ముగ్గురం కలిసి ఉట్టిలోకి ఎత్తి, గిలక మీదుగా నూతిలోకి దింపాం. జాడీ సగం నీళ్ళలో మునిగాక తాడుని గిలక స్తంభానికి కట్టాడు. కట్టి కూడా ఆయన కదల్లేదు. ముడి మీద తనకి నమ్మకం లేదని, తాడుని చేతికి చుట్టుకుని నూతి గట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే కంచం అక్కడికే తెమ్మన్నాడు. అన్ని రోజుల్లో మా ఇంట్లో ఆయన తిన్నది అదే మొదటిసారి. వంకాయ కూర, మజ్జిగ. ఎడం చేత్తో తాడు పట్టుకుని కుడి చేత్తో తిన్నాడు.

అత్తయ్య ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుంది. “అన్నా, మీరు ఊరుకుని ఉంటే ఇది ఈపాటికి పోయేది కదా” అంది. ఆయన తాడు వైపే చూస్తూ, “కళ్ళముందర పాడైపోతంటే చూస్తా కూర్చోలేను సిస్టరమ్మా. ఒకసారి కూర్చున్నాను, చాలు” అన్నాడు. సాయంత్రం అయిదింటికి కాలవ మీద నుంచి గాలి తిరిగింది, మబ్బు విడిపోయింది. జాడీని పైకి లాగి, మూత విప్పి అత్తయ్య వాసన చూసింది. అల్లం, బెల్లం, పైన చిన్న నురగ. “నెమ్మదించింది” అంది. ఆయన అరచేతిలో తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలింది. నర్సు కదా, ముందు ఆ చెయ్యి కడిగి మందు రాసి, తర్వాతే సీసాల పని మొదలుపెట్టింది.

సీసాలు మందంగా ఉండే పాత సోడా సీసాలు. బిరడాలు బిగించి దారంతో కట్టేది. వాటిలో ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ సీసా. రోజుకి రెండుసార్లు దాన్ని బొటనవేలితో నొక్కి చూసేది. మెత్తగా ఉంటే ఇంకా కాలేదు, రాయిలా గట్టిపడితే అన్నిటినీ చల్లటి ఇసకలోకి మార్చాల్సిందే. దానికామె పెట్టుకున్న పేరు నాడి. శుక్రవారం నాటికి నాడి గట్టిపడింది. అప్పుడు ఆయన అసలు ప్రశ్న అడిగాడు. ఇందులో మత్తు ఉందా, లేదా? అత్తయ్య నన్ను చూపించి, “మనమ్మాయి ల్యాబులో పని చేస్తంది. పట్టుకెళ్ళి చూసొచ్చిద్ది. అదేం చెప్తే అది” అంది. నేను ఒక సీసాని తడి తువ్వాల్లో చుట్టుకుని విజయవాడ బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ అదేమిటని అడిగితే దగ్గు మందన్నాను. ఊరు దాటకముందే బిరడా ఠప్పున ఎగిరి కండక్టరు టిక్కెట్ల సంచికి తగిలింది. సగం సీసా మిగిలింది, పరీక్షకి సరిపోయింది. మా డిపార్టుమెంటు మేడమ్‌ని అడిగి ల్యాబు తీయించాను. బీరుని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టి, తూచి చూశాను. వెంట తెచ్చిన ఇంకో సీసా కూడా అలాగే చూశాను. అది సంఘ పెద్ద ఇంటి తరవాణి. పొద్దున్నే చద్దన్నంలో పోసుకునే పులిసిన గంజినీళ్ళు. అది కూడా చూసి రమ్మని ఇచ్చింది అత్తయ్యే.

శనివారం తిరుగు బస్సులో కూర్చుని ‘లేదు’ అన్న మాట మనసులో చాలాసార్లు అనుకున్నాను. లేదంటే ఆమె గౌరవం నిలబడుతుంది, పండుగ బాగా జరుగుతుంది, ఆ అంకె చూసేవాళ్ళెవరూ లేరు. ఇల్లు చేరేసరికి ఆయన స్టూలు మీద, అత్తయ్య గడప మీద కూర్చుని ఉన్నారు. అత్తయ్య మొహం చూడగానే నా నోట అబద్ధం రాలేదు. “ఉంది. చాలా తక్కువ, కానీ ఉంది. తరవాణిలో కూడా ఉంది, దీని కంటే తక్కువ” అన్నాను. అత్తయ్య తలూపింది. “తక్కువ ఉంటే తక్కువ ఉందనే చెప్పాలి. లేదని చెప్పి ఇవ్వకూడదు” అని లేచి, సీసాలున్న ఇసక గోలెం దగ్గరికి వెళ్ళింది. పారబొయ్యడానికే అనుకున్నాను. “ఆగండి” అన్నాడాయన. “మా పెద్దోడుంటే వాడికి ఇచ్చేవారా మీరు?”

అత్తయ్య వెంటనే చెప్పింది. “ఇచ్చేదాన్ని కాదన్నా. ఆ ఏడాది వాడు మానేసి ఎనిమిది నెలలు నిలబడ్డాడు చూడండి, అప్పుడు దీని వాసన కూడా వాడికి తగలనిచ్చేదాన్ని కాదు. ఇది తప్పని కాదు. వాడికి ఇది కూడదు, అంతే.” ఆ ఎనిమిది నెలల సంగతి ఊళ్ళో ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. అందరికీ ఆ అబ్బాయి తాగడమే గుర్తు, నిలబడింది గుర్తు లేదు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, “అయితే రేపు ఆ మాట అందరికీ చెప్పాలి. మీరు చెప్పొద్దు, నేను చెప్తాను. పిల్లలకి వేరే పెట్టండి” అన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని పిల్లల కోసం పులవని అల్లం పానకం రెండు బిందెలు కలిపాం. నిమ్మకాయలు ఆయనే పిండాడు.

పండుగ నాడు పొద్దున్నే పెద్ద గాలి లేచి ఊరంతటికీ కరెంటు పోయింది. మైకు లేదు, ఫ్యాన్లు లేవు. కూల్‌డ్రింకుల పెట్టెలు మధ్యాహ్నానికి వేడెక్కిపోయాయి. చల్లగా ఉన్నవి ఊరు మొత్తం మీద మా అత్తయ్య సీసాలే. తడి ఇసక నింపిన గోలెంలో, గోనె కింద, రిక్షాబండి మీద వచ్చాయవి. ఆమెకి కరెంటు లేకపోవడం ఆ రోజు కొత్త కాదు గదా! భోజనాలయ్యాక సంఘ పెద్ద పందిరి మధ్యలో నిలబడ్డాడు. మైకు లేదు కాబట్టి గొంతెత్తి చెప్పాడు. “ఇది సిస్టరమ్మ చేసిన అల్లం బీరు. పేరు బీరే. నేను పదకొండు రోజులు దగ్గరుండి చూశాను. మన తరవాణిలో ఉండేది ఇందులో దానికంటే కొంచెం ఎక్కువ ఉంది. పిల్లలకి పానకం ఉంది. తాగుడు మానేసినోళ్ళు, మానదామనుకునేవాళ్ళు కూడా పానకమే తీసుకోండి. అందులో సిగ్గు లేదు, నేను కూడా అదే తాగుతున్నాను.” ఆ మాటకి వెనక బల్లల మీద నుంచి నలుగురైదుగురు మగవాళ్ళు లేచి పానకం బిందె వైపు నడిచారు. ఎవరూ నవ్వలేదు. మిగతావాళ్ళకి ఆయనే ఒక్కొక్క సీసా బిరడా తీసి, గ్లాసులు పట్టుకుని వరసలో తిరిగాడు. పాస్టరు గారు ఈసారి మూడో గ్లాసు కూడా తీసుకున్నారు. మా అత్తయ్య మాత్రం స్త్రీల వరసలో ముందు బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెల్లచీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది. ఆస్పత్రిలో కష్టమైన కానుపు చేసి బయటికి వచ్చినప్పుడు ఆమె ఇలాగే కూర్చునేదేమో అనిపించింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. “ఎట్టా ఉందే?” అంది. “అద్భుతం అత్తయ్యా” అన్నాను. “నిమ్మకాయ ఒకటి ఎక్కువైంది” అంది.

ఆ తర్వాత ఆమె బతికిన ఆరేళ్ళూ ఆయన ప్రతి మే నెలలో సైకిలు మీద వచ్చేవాడు. కాపలాకి కాదు. గోనె తడపడానికి, థర్మామీటరు విదిలించడానికి. చివరిదాకా ఒక్క గుక్క తాగలేదు. వాసన చూసి మాత్రం, కిందటేడు కన్నా ఘాటుగా ఉందనో, బెల్లం చాల్లేదనో ఖచ్చితంగా చెప్పేవాడు. ఆయన చెప్పింది ఒక్కసారీ తప్పు కాలేదు. అత్తయ్య సమాధి పెట్టె మోసినవాళ్ళలో ఆయన ముందున్నాడు. ఆ పండుగకి ముందు పదిహేనేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే గుడిలో, ఎదురెదురు వరసల్లో కూర్చుని, వారం వారం వందనాలు చెప్పుకున్నారు. ఆ పదిహేనేళ్ళలో ఒకరికొకరు నిజంగా తెలియలేదు, మే నెలలో పదకొండు రోజులు ఆ పని చేసేశాయి. కాలమంటే క్యాలెండరులో చింపేసే కాగితాలేనని అంతవరకూ అనుకున్నదాన్ని. అందులో కొన్ని రోజులు మిగతావాటికంటే ఎంత పెద్దవో నాకు అప్పుడు తెలిసింది.